బ్రేకమ్మ మాస్టారికి చెప్పిన మాట

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆమెకు అసలు పేరొకటి ఉందన్న సంగతి హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా కనబడదు. నేర్చుకోవడానికి వచ్చేవాళ్ళూ, ఎదురుగా ఉన్న టైర్ల షాపువాళ్ళూ, ఆఖరికి స్కూలు ఓనరు కూడా ఆమెను బ్రేకమ్మ అనే పిలిచేవారు. నేర్పే కారులో పక్క సీటు ముందు, కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఆమె కాలు ఎప్పుడూ దాని మీదే. పదిహేనేళ్ళలో ఆ కాలు కాపాడిన గేట్లెన్నో, స్తంభాలెన్నో, చెత్తడబ్బాలెన్నో ఆమెకే తెలీదు.

పొద్దున మొదటి పాఠానికి ముందు సీట్లో కూర్చుని ఒక్క నిమిషం తలవంచి ప్రార్థన చేసుకోవడం ఆమె అలవాటు. కొత్తగా చేరినవాళ్ళు అది చూసి హడలిపోయేవారు. ఒక బ్యాంకు ఉద్యోగి అయితే ఎక్కబోతున్నవాడల్లా ఆగిపోయి, "మేడం, అంత ప్రమాదమా? పోనీ రేపొస్తాను" అన్నాడు.

"మీ గురించి కాదండీ, నా నోటి గురించి" అంది ఆమె. "మీరు క్లచ్చి టపీమని వదిలినప్పుడల్లా నేను అరవకుండా ఉండాలి కదా!"

మొదట్లో ఆమె ఆ స్కూల్లోనే కౌంటరు దగ్గర ఫారాలు నింపించే పని చేసేది. ఒకరోజు కారు నేర్పే ఆయన చెప్పాపెట్టకుండా పని మానేస్తే, ఓనరు ఆమె వైపు తిరిగి, "నీకు కారు బాగా వచ్చుగా, నువ్వే నేర్పరాదూ?" అన్నాడు. నడపడం వేరు, నడపడం రానివాళ్ళ పక్కన కూర్చోవడం వేరు. ఆలోచించుకుని చెప్తానని తప్పించుకుని, ఇంటికి నడిచి వెళ్తూ దారిలో దేవుడితో ఒక ఒప్పందం పెట్టుకుంది. 'ప్రభువా, నేను కూడలికి చేరేసరికి పచ్చలైటు ఉంటే ఒప్పుకుంటా, ఎర్రలైటు ఉంటే మానేస్తా' అని. తీరా చేరేసరికి పసుపులైటు ఉంది.

ఏం చెయ్యాలో తోచక తిన్నగా తమ చర్చి పాస్టరమ్మ దగ్గరికి వెళ్ళి చెప్పింది. పాస్టరమ్మ చీరకొంగుతో కళ్ళు తుడుచుకునేదాకా నవ్వింది.

"ఆ లైటు అందరికీ మారుతుందమ్మా, నీ ఒక్కదాని కోసం కాదు! ఇంకో నిమిషం నిలబడి ఉంటే మూడు రంగులూ చూపించేది" అని, తర్వాత ఆమె చెయ్యి పట్టుకుని మెల్లగా అంది, "గుర్తులు చూపించమని అడక్కు. బుద్ధి ఇమ్మని అడుగు. ఇచ్చాక దాన్ని వాడు. పని నీకు వచ్చా? వచ్చు. ఓపిక ఉందా? ఉంది. మీ ఆయన్ని అడిగావా?"

అడగలేదు. ఆ సాయంత్రమే అడిగింది. ఆమె భర్త ఫ్రిజ్జులు బాగుచేసే మెకానిక్కు, మాటకారి. "నాకు నేర్పినప్పుడే నీ ఓపిక చూశాగా. నాకే వచ్చిందంటే రాయికైనా వస్తుంది. ఒప్పేసుకో" అన్నాడు.

అప్పట్నుంచీ ఆమె నిర్ణయాలన్నీ ఇంచుమించు అదే దారిలో నడిచాయి. చిన్నదైనా పెద్దదైనా ముందు ప్రార్థన చేసుకునేది, ఆ విషయం తెలిసినవాళ్ళని అడిగేది, ఆ తర్వాత తన బుర్ర పెట్టేది. ఆకలితో ఉన్నప్పుడూ, కోపంగా ఉన్నప్పుడూ దేనికీ అవునని గానీ కాదని గానీ అనేది కాదు. ఈ సంగతి కనిపెట్టిన భర్త, కొత్త టీవీ కావాలనిపించినప్పుడల్లా ఆమెకు కడుపునిండా భోజనం పెట్టి, కాసేపు కబుర్లు చెప్పి, అప్పుడు ఎత్తేవాడు ఆ మాట. అయినా మూడుసార్లలో రెండుసార్లు కాదనే వచ్చేది.

ఇలా సాగుతుండగా ఒక సోమవారం మాస్టారు వచ్చాడు.

ముప్ఫై ఆరేళ్ళు పిల్లలకు భూగోళం చెప్పి రిటైరైన మనిషి. డెబ్బై ఒకటి నిండాయి. ఇస్త్రీ చొక్కా, జేబులో రెండు పెన్నులు, చేతిలో నోట్సు పుస్తకం. కౌంటరు ముందు నిటారుగా నిలబడి, "కారు నేర్చుకోవాలమ్మా" అన్నాడు. "మా ఆవిడకి బస్సు పడదు. ఎక్కిన పది నిమిషాలకే కడుపులో తిప్పేస్తుంది. టాక్సీలోనూ అంతే. వాళ్ళ చెల్లెలు ఉండేది ఇక్కడికి రెండు గంటల దూరం. చూసి ఆరేళ్ళయింది. నేనే మెల్లగా, కుదుపుల్లేకుండా తీసుకెళ్తానని మాటిచ్చాను."

అలాంటి విద్యార్థి ఆమెకు ఇంతకుముందు దొరకలేదు. చెప్పిన ప్రతి మాటా రాసుకునేవాడు. గేరు మార్చేముందు "ఇప్పుడు రెండో గేరు వేస్తున్నాను" అని క్లాసులో చెప్పినట్టు చెప్పేవాడు. దారిచ్చిన ప్రతి లారీకీ తల వంచి కృతజ్ఞతలు చెప్పేవాడు. వెనక నుంచి ఎవరైనా హారను మోగిస్తే, "అతనికి ఏదో తొందర ఉన్నట్టుంది పాపం" అనేవాడు. ఐదో పాఠానికల్లా నిన్న మొన్నటి కుర్రకారు కంటే సాఫీగా నడిపాడు. బ్రేకమ్మ కాలికి మొదటిసారి విశ్రాంతి దొరికింది.

ఎనిమిదో పాఠంలో ఆ కాలు మళ్ళీ లేచింది.

ఎడమ పక్క సందులోంచి ఒక పోస్ట్‌మన్ సైకిలు మీద మెల్లగా రోడ్డెక్కాడు. మెల్లగానే. దాక్కుని వచ్చిందేం లేదు. అయినా మాస్టారు వేగం తగ్గించలేదు. ఆమె బ్రేకు తొక్కింది. కారు కీచుమని ఆగింది. పోస్ట్‌మన్ కారు ముందు నుంచి గుర్రుగా చూసుకుంటూ వెళ్ళిపోయాడు.

"అరే! ఈయన ఎక్కణ్ణించి ఊడిపడ్డాడమ్మా?" అన్నాడు మాస్టారు. ఆ గొంతులో బుకాయింపు లేదు. నిజంగానే కనబడలేదు.

మర్నాడు ఆమె ఒక కంట కనిపెట్టింది. ఎదురుగా ఉన్నది వంద గజాల దూరం నుంచి చదివేస్తున్నాడు. ఎడమ పక్కది మాత్రం మెడ పూర్తిగా తిప్పితే తప్ప తెలియడం లేదు. ఆ పక్క మందులషాపు ముందు నిలబడి చెయ్యూపిన, ఒకప్పుడు తన దగ్గర చదువుకున్న కుర్రాణ్ణీ చూడలేదు, పేవ్‌మెంటు దిగి రోడ్డు మీదకు వచ్చిన కుక్కనీ చూడలేదు.

ఆమె వెళ్ళి ఓనరుతో చెప్పింది. ఆయన చెడ్డవాడేం కాదు గానీ తలనొప్పులంటే పడదు. "అక్షరాల బోర్డు చదివాడుగా? కంటి కాగితం ఉందిగా? శుక్రవారం పరీక్ష. మైదానంలో ముగ్గు గీతల మధ్య నడిపించి చూస్తారు, పాసైపోతాడు. పెద్దాయన మనసు కష్టపెట్టడం మనకెందుకు చెప్పు?" అన్నాడు.

నిజం చెప్పాలంటే బ్రేకమ్మకూ ఆ పెద్దాయన మొహం మీద ఆ మాట అనడం ఇష్టం లేదు. అందుకని మధ్యేమార్గం ఒకటి కనిపెట్టింది. "మాస్టారూ, పరీక్ష ఈ వారం వద్దు. ఇంకొంచెం ప్రాక్టీసు కావాలి" అంది. మరుసటి వారం కూడా అదే మాట. ఆయన చిన్న తప్పు చేస్తే పెద్దది చేసి చూపించింది. ఆయనే విసిగిపోయి మానేస్తాడు, ఎవరి మనసూ నొచ్చుకోదు అనుకుంది. రోజూ ప్రార్థనలో కూడా 'ప్రభువా, ఆయనంతట ఆయనే మానుకునేలా చెయ్యి' అని అడిగింది.

ఆయన మానలేదు. పదమూడో పాఠం అయ్యాక ఇంజను ఆపి, నోట్సు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని, అద్దంలోంచి బయటికి చూస్తూ అడిగాడు, "అమ్మా, దాచకుండా చెప్పు. నా బుర్ర మొద్దుబారిపోయిందా? రాత్రి కూర్చుని అన్నీ వల్లెవేస్తున్నా. మా ఆవిణ్ణి ప్రశ్నలడగమని జవాబులు చెప్తున్నా. ఎక్కడ తప్పు జరుగుతోందో తెలీడం లేదు."

ఆమెకు మొహం చెల్లలేదు. ఏదో గొణిగి దిగిపోయింది.

ఇంటికెళ్ళాక భోజనం సయించలేదు. భర్త అడిగితే జరిగిందంతా చెప్పింది. ఆయన పాత ఫ్రిజ్జు తలుపు రబ్బరు తుడుస్తూ విని, "నువ్వు ఆయన్ని నొప్పించకూడదనుకున్నావు. ఇప్పుడు ఆయన తన బుర్ర పాడైందని కుమిలిపోతున్నాడు. పాడైంది ఒకటైతే నువ్వు ఇంకొకటి విప్పి చూపించావు" అన్నాడు. "నా దగ్గరికొచ్చే ఫ్రిజ్జుకి అలా చేస్తే కస్టమరు ఊరుకుంటాడా?"

నవ్వొచ్చింది గానీ మాట సూటిగా తగిలింది. ఆ పూట ఆమె ప్రార్థన మారింది. ఆయన మానుకోవాలని అడగలేదు. 'నాకు ధైర్యం చాలడం లేదు ప్రభువా, ఆ పిరికితనానికే దయ అని పేరు పెట్టి తప్పించుకుంటున్నాను. క్షమించు. ఎలా చెప్పాలో బుద్ధి ఇవ్వు' అంది.

ఆ ఆదివారం చర్చిలో, దారి పక్కన కూర్చున్న ఒక గుడ్డివాడి సంగతి బైబిల్లోంచి చదివారు. చిన్నప్పట్నుంచీ విన్నదే. ఈసారి మాత్రం ఆమె మనసు ఒకచోట ఆగింది. ప్రభువు అతన్ని చూసి గబగబా ఏదో చేసేసి వెళ్ళిపోలేదు. నిలబడ్డాడు, దగ్గరికి రమ్మన్నాడు, నీకేం కావాలని ముందు అతన్నే అడిగాడు. తనేమో మాస్టారికి తెలీకుండా మాస్టారి గురించి ఓనరుతో మాట్లాడింది, భర్తతో మాట్లాడింది, దేవుడితో కూడా మాట్లాడింది. ఆయనతో మాత్రం మాట్లాడలేదు.

సాయంత్రం మాస్టారి ఇంటికి వెళ్ళింది. కారులో ఈ మాట చెప్పడం ఆమెకు నచ్చలేదు. కారులో ఆయన విద్యార్థి, తను గురువు. ఇంట్లో అయితే ఆయన కుర్చీలో ఆయన కూర్చుని ఉంటాడు.

మాస్టారి భార్య తలుపు తీసింది. గలగలా మాట్లాడే మనిషి. టీ ఇచ్చి, "మా ఆయన మీ గురించి చెప్పని రోజు లేదమ్మా. బ్రేకమ్మ అలా అంది, బ్రేకమ్మ ఇలా అంది! నేను అంటే మాత్రం చెవిన పెట్టరు" అంది.

బ్రేకమ్మ కప్పు కింద పెట్టింది. "మాస్టారూ, ముందు మీకు క్షమాపణ చెప్పుకోవాలి. మీ బుర్రకేం కాలేదు. నేను నేర్పినవాళ్ళలో మీ అంత శ్రద్ధగా నేర్చుకున్నవాళ్ళు లేరు. పరీక్ష వాయిదా వేసింది మీకు రాక కాదు. నాకొక అనుమానం వచ్చింది, అది మీతో చెప్పడానికి జంకాను. మీకు ఎడమ పక్క సరిగ్గా కనబడుతోందా?"

"నిక్షేపంగా!" అన్నాడు మాస్టారు. "కాగితం కూడా ఇచ్చారుగా!"

"అది ఎదురు చూపుకి. ఒక్క నిమిషం నా ముక్కు వంక చూడండి. చూపు తిప్పకూడదు. చెంచా కనబడగానే చెప్పండి." ఆమె లేచి ఆయన ఎదురుగా కూర్చుని, టీ చెంచా పట్టుకుని కుడి పక్క నుంచి మెల్లగా లోపలికి తెచ్చింది. "ఇదిగో, కనబడింది" అన్నాడు వెంటనే. ఎడమ పక్క నుంచి తెచ్చింది. చెవి దాటింది, చెంప దాటింది. ఆయన ఆమె ముక్కు వంకే శ్రద్ధగా చూస్తున్నాడు. చెంచా ఇంకా లోపలికి జరిగింది.

"ఇంకా మొదలుపెట్టలేదేమమ్మా?" అన్నాడు.

ఆయన భార్య నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. "అయ్యో, ఏడాది నుంచీ నేను సోఫాలో ఆ పక్కనే కదా కూర్చునేది! చెయ్యి ఊపినా చూడరు, నవ్వినా చూడరు. పెడమొహం పెడుతున్నారనుకుని పోయిన నెలంతా నేను మీతో సరిగ్గా మాట్లాడలేదు!"

"పోయిన నెలా?" అన్నాడు మాస్టారు అయోమయంగా. "ఇంట్లో ప్రశాంతంగా ఉందనుకున్నానే!"

ఆవిడకి నవ్వొచ్చింది, బ్రేకమ్మకీ వచ్చింది. మాస్టారికి మాత్రం రాలేదు. ఆయన మొహం ఎర్రబడింది. లేచి నిలబడి, "నువ్వు కారు నేర్పేదానివమ్మా, కంటి డాక్టరువి కాదు. చెంచాలతో పరీక్షలేమిటి? ఇష్టం లేకపోతే నేర్పనని చెప్పు" అన్నాడు.

"నేర్పనని అనడం లేదు మాస్టారూ. ముందు డాక్టరుకి చూపించుకోండి. ఆయన బాగుందంటే రేపే పరీక్షకి నేనే దగ్గరుండి తీసుకెళ్తా. నా అనుమానం తప్పని అందరి ముందూ ఒప్పుకుంటా" అంది. ఆయన విసురుగా లోపలికి వెళ్ళిపోయాడు.

రెండు వారాలు మాస్టారి జాడ లేదు. ఆయన పాఠం వేళకి కారు ఖాళీగా ఉండేది. ఓనరు "చెప్పానా?" అన్నట్టు చూసేవాడు. ఆమె మనసులో బాధ ఉంది గానీ, విచిత్రంగా అన్నం మాత్రం బాగానే సయిస్తోంది. చెప్పకుండా తిరిగిన రోజుల్లో ఉన్న ముల్లు ఇప్పుడు లేదు.

మూడో వారం బుధవారం పొద్దున్నే మాస్టారు కౌంటరు ముందు నిలబడి ఉన్నాడు. పక్కన భార్య. ఆవిడ ఈసారి ఆయనకి కుడి పక్కన నిలబడింది.

"కంట్లో ఒత్తిడి పెరిగిందట" అన్నాడు, నోట్సు పుస్తకం తెరిచి చదివి. "పక్క చూపు మెల్లమెల్లగా పోతుందట. నొప్పి ఉండదు కాబట్టి తెలీదట. పోయింది తిరిగి రాదు. ఉన్నది నిలబెట్టుకోవడానికి చుక్కల మందు ఇచ్చారు, జీవితాంతం వెయ్యాలి. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఏమయ్యేదో డాక్టరు చెప్పారు. అది మాత్రం రాసుకోలేదు." పుస్తకం మూసి ఆమె వైపు చూశాడు. "ఆరోజు నీ మీద విసుక్కున్నాను. తప్పు నాది. ముప్ఫై ఆరేళ్ళు పిల్లల తప్పులు దిద్దాను కదా, నన్నొకరు దిద్దేసరికి తట్టుకోలేకపోయానమ్మా."

"నేను ముందే చెప్పాల్సింది మాస్టారూ" అంది బ్రేకమ్మ.

"సరే, ఆ సంగతులన్నీ తర్వాత" అంది ఆయన భార్య, చేతిసంచీ కౌంటరు మీద పెట్టి. "నాకో ఫారం ఇవ్వమ్మా."

"ఏం ఫారం పిన్నిగారూ?"

"నేర్చుకునే ఫారం. ఈయన నడపకూడదు, నేను కూర్చోలేను. ఇక మిగిలింది నేను నడపడమేగా!"

ఆవిడ వయసు అరవై ఆరు. ఓనరు నోరు వెళ్ళబెట్టాడు. బ్రేకమ్మ మాత్రం తొందరపడలేదు. కళ్ళు చూపించుకుని రమ్మంది, చెంచా పరీక్ష తనూ పెట్టింది. రెండు పక్కలా చెంచా కనబడింది. అంతేకాదు, చెంచాకి మరక ఉందని కూడా పిన్నిగారు చెప్పింది. తర్వాత మాస్టార్ని బయట కూర్చోబెట్టి, "మీకు నిజంగా ఇష్టమేనా, ఆయన కోసమా?" అని అడిగింది.

"మా చెల్లెల్ని చూడాలి. అది నా ఇష్టం" అంది పిన్నిగారు.

మొదటి పాఠానికి ప్లాస్టిక్ సంచీ ఒకటి ఒళ్ళో పెట్టుకుని ఎక్కింది, ఎందుకైనా మంచిదని. పది నిమిషాలయింది, ఇరవై అయింది, అరగంటయింది. కడుపులో ఏమీ తిప్పలేదు. స్టీరింగు చేతిలో ఉన్నవాళ్ళకి సామాన్యంగా తిప్పదని బ్రేకమ్మకు తెలుసు గానీ, ముందే చెప్పి ఆశపెట్టడం ఇష్టంలేక ఊరుకుంది. పిన్నిగారు కారు ఆపి, సంచీ మడిచి పక్కన పెట్టి, "నలభై ఏళ్ళు వెనక సీట్లో అనవసరంగా బాధపడ్డానన్న మాట!" అంది.

కష్టమల్లా మాస్టారితోనే వచ్చింది. భార్యకి తోడుగా వెనక సీట్లో కూర్చుంటానని పట్టుబట్టాడు. కూర్చుని ఊరుకుంటే బాగుండేది. "రెండో గేరు... అద్దం చూశావా... ఆ లారీకి దారివ్వు" అని ప్రతి అడుగుకీ పాఠం. మూడోరోజు పిన్నిగారు దారి మధ్యలో కారు రోడ్డు పక్కకి ఆపి, వెనక్కి తిరిగి, "దిగండి" అంది. ఆయన బ్రేకమ్మ వైపు దీనంగా చూశాడు. ఆమె ఒక్క క్షణం ఆలోచించింది.

"మాస్టారూ, మా స్కూల్లో రోడ్డు గుర్తులు చెప్పేవాళ్ళు లేరు. అందరూ బట్టీపట్టి పరీక్షలో తప్పుతున్నారు. ఈ గంటసేపు మీరు వాళ్ళకి చెప్పరూ?"

ఆయన నోట్సు పుస్తకం సర్దుకుని అక్కడే దిగి, గబగబా స్కూలుకి నడిచాడు. ఇప్పుడు ఓనరు గదికి ఆనుకుని ఒక నల్లబల్ల ఉంది. పదిమంది కూర్చుని వింటారు. ఆలస్యంగా వచ్చినవాళ్ళని మాస్టారు గుమ్మం దగ్గరే నిలబెడతాడని ఫిర్యాదు. చేరడానికి ఎవరొచ్చినా ఓనరే స్వయంగా చెంచా తీసుకుని ఎదురుగా కూర్చుంటున్నాడు. ఎవరైనా ఎందుకని అడిగితే అది తన ఆలోచనే అంటాడు. బ్రేకమ్మ అడ్డు చెప్పదు.

పిన్నిగారు మొదటిసారి పరీక్ష తప్పింది, వెనక్కి నడిపేటప్పుడు పరీక్షాధికారితో కబుర్లలో పడి. రెండోసారి నోరు మూసుకుని పాసైంది. పాత కారొకటి కొన్నారు. మొదటి ప్రయాణానికి బ్రేకమ్మని రమ్మని ఇద్దరూ బతిమాలారు. శనివారం సెలవు పెట్టింది. మాస్టారు వెనక సీట్లో మ్యాపు పరుచుకుని, పెదవులు బిగించి, మాట్లాడకుండా ఉండటానికి నానా తంటాలు పడ్డాడు. పిన్నిగారు బయల్దేరే ముందు, "ప్రభువా, మమ్మల్ని క్షేమంగా చేర్చు, ఈయన్ని మౌనంగా ఉంచు" అని గట్టిగానే ప్రార్థన చేసింది. రెండు గంటల దారి మూడు గంటలు పట్టింది. పిన్నిగారికి ఎక్కడా కడుపులో తిప్పలేదు.

ఇంటి ముందు కారు ఆగేసరికి చెల్లెలు చెప్పులు కూడా వేసుకోకుండా పరుగెత్తుకొచ్చింది. ముందు సీట్లోంచి దిగిన బ్రేకమ్మని చూసి, "పాపం ఎంత దూరం నడిపావో, లోపలికి రామ్మా, ముందు మంచినీళ్ళు తాగు" అని చెయ్యి పట్టుకుంది. తర్వాత అక్క కోసం వెనక సీట్లోకి తొంగి చూసింది. అక్కడ మ్యాపు మడుస్తూ బావగారొక్కరే ఉన్నారు.

"అక్కేదీ?" అంది కంగారుగా.

"ఇక్కడే!" అంటూ స్టీరింగు వెనక నుంచి అక్క దిగింది.